ఐడబ్ల్యూఎల్ రికార్డులు: 29 గోల్స్ పెద్దవా, 24 పెద్దవా? అన్నీ ఒకే పట్టికలో పెట్టొచ్చా?

ఆదివారం_గ్రౌండ్ (హొరమావు)

నమస్కారమండీ అందరికీ. బెంగళూరులో హొరమావు వైపు ఆదివారాలు పొద్దున్నే ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతున్నాం. వచ్చేవాళ్లలో సగానికి పైగా మన తెలుగు పిల్లలే. గ్రౌండ్ గోడ మీద మెస్సీ, ఛెత్రీ బొమ్మలున్నాయి. ఆడపిల్లలు చూసుకోవడానికి ఒక్క అమ్మాయి పేరు కూడా లేదు. అందుకని ఇండియన్ విమెన్స్ లీగ్ (ఐడబ్ల్యూఎల్) రికార్డులతో ఒక ఫ్లెక్సీ వేయిద్దామనుకున్నాం. అక్కడే మాలో మాకు పడలేదు.

తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. ఈ లీగ్ 2016-17లో మొదలైంది. మొదటి ఏడాది మణిపూర్‌కు చెందిన ఈస్టర్న్ స్పోర్టింగ్ యూనియన్ గెలిచింది. తర్వాత ఒడిశా నుంచి రైజింగ్ స్టూడెంట్స్ క్లబ్, 2019లో మదురైకి చెందిన సేతు ఎఫ్‌సీ గెలిచాయి. ఆ తర్వాత గోకులం కేరళ వరుసగా మూడుసార్లు, 2020, 2022, 2023లో కప్పు ఎత్తింది. మధ్యలో 2020-21 సీజన్ కరోనా వల్ల జరగలేదు. 2023-24లో ఒడిశా ఎఫ్‌సీ, 2024-25లో ఈస్ట్ బెంగాల్ గెలిచాయి.

పేచీ ఎక్కడంటే, 2023 వరకు జట్లన్నీ ఒకే ఊరికి వచ్చి కొద్ది వారాల్లో ఆడి వెళ్లిపోయేవి. 2023-24 నుంచే సొంత గ్రౌండ్‌లో ఒకటి, అవతలివాళ్ల గ్రౌండ్‌లో ఒకటి ఆడే హోమ్-అవే పద్ధతి వచ్చింది. సీజన్‌లో ఎక్కువ గోల్స్ అంటే సబిత్రా భండారీ 2022-23లో కొట్టిన 29. హోమ్-అవే వచ్చాక ఎక్కువ అంటే 2024-25లో ఫజీలా ఇక్వాపుట్ కొట్టిన 24. ఫ్లెక్సీలో అన్నిటికంటే పైన ఏది పెట్టాలి? నేనైతే 29 అంటున్నాను. గోల్ గోల్‌పోస్ట్‌లోకి వెళ్తే గోలే కదా. మాలో ఒకాయన మాత్రం పాత టోర్నమెంట్ గోల్స్‌ను లీగ్ గోల్స్‌తో కలపకూడదు, రెండు పట్టికలు వేరువేరుగా వేయాలి అంటున్నాడు. మీరేమంటారు?

పట్టికల_మనిషి

ఆ "ఒకాయన" నేనే. ఇక్కడ వివరంగా రాస్తాను.

సబిత్రా మీద నాకు రవ్వంత కూడా తక్కువ అభిప్రాయం లేదు. నేపాల్ నుంచి వచ్చి సేతుకూ గోకులానికీ ఆడింది, తర్వాత ఫ్రాన్స్‌లో గాంగాంప్ దాకా వెళ్లింది. ఆమె స్థాయి అది. నేను అడుగుతున్నది ఆ అంకె ఏ పరిస్థితుల్లో వచ్చిందని.

2022-23లో 16 జట్లు. రెండు గ్రూపులు, ఒక్కో గ్రూపులో 8. ఫైనల్ దాకా వెళ్లిన జట్టుకు మొత్తం 10 మ్యాచ్‌లు. అన్నీ అహ్మదాబాద్‌లోనే, ఏప్రిల్ చివర్లో మొదలై మే 21న ఫైనల్. అంటే నాలుగు వారాల లోపు. జట్ల మధ్య తేడా ఎంతంటే, ఫైనల్లోనే గోకులం మన బెంగళూరు కిక్‌స్టార్ట్‌ను 5-0తో ఓడించింది. ఫైనల్‌కు వచ్చిన జట్టు పరిస్థితే అది అయితే, గ్రూపు అడుగున ఉన్న జట్ల మాట చెప్పక్కర్లేదు.

2018-19లో బాలాదేవి మణిపూర్ పోలీస్ తరఫున 26 గోల్స్ కొట్టింది, 7 మ్యాచ్‌ల్లో. మ్యాచ్‌కు దాదాపు 3.7. ప్రపంచంలో పేరున్న ఏ పెద్ద లీగ్‌లోనూ ఇలాంటి సగటు సీజన్ పొడుగునా నిలవదు. అమెరికా మహిళల లీగ్ ఎన్‌డబ్ల్యూఎస్ఎల్‌నే తీసుకోండి. అక్కడ సీజన్ రికార్డు 2019లో సామ్ కెర్ పెట్టిన 18. దాన్ని 2024లో టెంవా చవింగా 20తో దాటింది. జట్టుకు 26 మ్యాచ్‌లున్న సీజన్ అది. మన దగ్గర 10 మ్యాచ్‌ల్లో 29 అంటే ఆమె చవింగా కంటే మూడు నాలుగు రెట్లు గొప్పదని కాదు కదా. పోటీ వేరు.

2023-24లో 7 జట్లు, ఒక్కోదానికి 12 మ్యాచ్‌లు. గోకులం తరఫున ఆడిన ఉగాండా అమ్మాయి ఫజీలా 13 గోల్స్‌తో టాప్. మరుసటి ఏడాది 8 జట్లు, 14 మ్యాచ్‌లు, మళ్లీ ఆమే టాప్, 24. ప్రతి జట్టుతో రెండేసి సార్లు ఆడి, ప్రయాణాలు చేసి, ఒకసారి నిన్ను చూసిన డిఫెండర్లను మళ్లీ దాటుకుని కొట్టినవి అవి. ఈ 24ను ఆ 29 కింద రెండో స్థానంలో రాస్తే పిల్లలకు తప్పు చెప్పినట్టే. రెండు పట్టికలు వేయండి, 2023కు ముందు, తర్వాత.

గోకులం_మడివాళ

అన్నా, నీ లెక్కలకు నమస్కారం. కానీ నువ్వు గీసిన గీత దగ్గరే తేడా ఉంది. "2023కు ముందు అంతా టోర్నమెంట్" అన్నావు. మరి 2021-22 ఏ పట్టికలో పెడతావు?

ఆ ఏడాది ఒడిశాలో 12 జట్లు ఆడాయి. గ్రూపుల్లేవు, సెమీస్ లేదు, ఫైనల్ లేదు. అందరూ అందరితో ఒక్కోసారి, జట్టుకు 11 మ్యాచ్‌లు, పాయింట్లు ఎక్కువ ఉన్నవాళ్లే చాంపియన్. ఒకే చోట జరిగినా అది అచ్చంగా లీగే. మే 26న చివరి రోజు గోకులం, సేతు తలపడ్డాయి. టైటిల్ తేలింది ఆ మ్యాచ్‌లోనే, గోకులం 3-1తో గెలిచింది. ఘనా అమ్మాయి ఎల్షదాయ్ అచీంపాంగ్ 20 గోల్స్‌తో టాప్ స్కోరర్. 11 మ్యాచ్‌ల్లో 20 అంటే మ్యాచ్‌కు 1.8. నువ్వు మెచ్చుకుంటున్న ఫజీలా 24ను 14తో భాగిస్తే 1.7. ఇప్పుడు ఎల్షదాయ్‌ని ఏ వైపు కూర్చోబెడతావు?

ఇంకో మాట. ఫజీలా హోమ్-అవేలోనే ఒక ఏడాది 13, మరో ఏడాది 24 కొట్టింది. అదే పద్ధతి, అదే క్లబ్, అదే మనిషి. అంకె దాదాపు రెట్టింపు అయింది. పద్ధతి ఒక్కటే గోల్స్‌ను నిర్ణయిస్తే అలా ఎందుకు జరుగుతుంది?

2020 ఫైనల్ మన బెంగళూరులోనే, అశోక్‌నగర్ ఫుట్‌బాల్ స్టేడియంలో ఫిబ్రవరి 14న జరిగింది. నేను చూశాను. గోకులం 2-0తో ముందుకెళ్లాక మణిపూర్ క్లబ్ క్రిఫ్సా అమ్మాయిలు రెండు గోల్స్ కొట్టి సమం చేశారు. ఆట అయిపోవస్తుండగా సబిత్రా కొట్టిన గోల్‌తో 3-2. గోకులం తరఫున ఆ రోజు గోల్ కొట్టినవాళ్లలో కమలాదేవి ఒకరు, మొట్టమొదటి సీజన్ టాప్ స్కోరర్. ఆ జట్టుకు కోచ్ పీవీ ప్రియ. గ్రౌండ్‌లో కూర్చున్న ఎవరికీ అది లీగ్ కంటే తక్కువ రకం పోటీ అనిపించలేదు. ఇప్పుడు వచ్చి వాటిని పక్క పట్టికలో రాస్తామంటే నాకు బాధగా ఉంది.

హోసూరు_తెలుగోడు

గోకులం సరే, సేతును మర్చిపోకండి! 2019 మేలో లూధియానాలో ఫైనల్. అవతల మణిపూర్ పోలీస్, వాళ్ల తరఫున అదే సీజన్‌లో 26 గోల్స్ కొట్టిన బాలాదేవి. సేతు 3-1తో గెలిచింది. 26 గోల్స్ మనిషి ఉన్న జట్టును ఓడించి తెచ్చిన కప్పు అది. ఫ్లెక్సీలో గోల్స్ రికార్డు పెడుతున్నారు, అసలైన రోజు ఆ రికార్డును ఆపిన డిఫెన్స్ గురించి ఎక్కడ రాస్తారు?

ఆదివారం_గ్రౌండ్

ఇది మాకు తట్టనే లేదండీ. మా పిల్లల్లో డిఫెండర్లే ఎక్కువ, స్ట్రైకర్లు ఇద్దరే.

క్రికెట్_నుంచి_వచ్చినవాడిని

ఈ గొడవ మాకు కొత్త కాదండీ. రంజీ ట్రోఫీలో ఒక సీజన్ అత్యధిక వికెట్ల రికార్డు 1974-75 నుంచి బిషన్ బేడీ పేరు మీదే ఉండేది, 64. 2018-19లో బీహార్ ఎడమచేతి స్పిన్నర్ అశుతోష్ అమన్ 68 తీశాడు. కానీ ప్లేట్ గ్రూపులో, అంటే కింది స్థాయి జట్ల గ్రూపులో, ఎక్కువగా అప్పుడే రంజీలోకి వచ్చిన ఈశాన్య రాష్ట్రాల జట్ల మీద తీశాడు. "అదెలా రికార్డు అవుతుంది" అని ఎంతమంది మొత్తుకున్నా బోర్డు పట్టికలో పేరు ఆయనదే. తర్వాత 2024-25లో విదర్భ కుర్రాడు హర్ష్ దూబే 69 తీసి ముందుకెళ్లాడు. ప్లేట్ వికెట్లను వేరే పట్టికలో పెట్టలేదు. రంజీ పరువేమీ పోలేదు.

ఫుట్‌బాల్లోనే చూడండి. 1958 వరల్డ్ కప్‌లో జస్ట్ ఫాంటైన్ 6 మ్యాచ్‌ల్లో 13 కొట్టాడు. 2022లో ఎంబాపే 7 మ్యాచ్‌ల్లో 8. డిఫెన్స్ ఇప్పుడు ఎంత గట్టిగా మారిందో అందరికీ తెలుసు, అయినా ఫాంటైన్‌ను పక్కకు తీయమని ఎవరూ అనరు. ఒకటే పట్టిక చాలు.

పట్టికల_మనిషి

గోకులం తమ్ముడు అడిగిన 2021-22 ప్రశ్న గట్టిదే. దానికి నా జవాబు మూడు పట్టికలు. గ్రూపు-నాకౌట్ సీజన్లు ఒకటి, ఒకే చోట జరిగిన లీగ్ ఒకటి, హోమ్-అవే ఒకటి. అప్పుడు ఎల్షదాయ్ తన పట్టికలో తానే మొదటి స్థానంలో ఉంటుంది.

రంజీ ఉదాహరణ దగ్గర మాత్రం తేడా చెప్పాలి. ప్లేట్ వికెట్లు మామూలువి కావని చూసేవాళ్లకు తెలుసు, ఎందుకంటే రంజీకి తొంభై ఏళ్ల చరిత్ర ఉంది, పక్కన పోల్చుకోవడానికి వేలాది మ్యాచ్‌లున్నాయి. ఐడబ్ల్యూఎల్ చరిత్ర అంతా కలిపి పది సీజన్లు లేవు. గోడ మీద చూసిన అంకె తప్ప పిల్లకు వేరే ఆధారం లేదు. "సీజన్‌కు 29 కొట్టాలన్నమాట" అనుకుంటుంది. రేపు మంచి లీగ్‌లో 9 కొడితే తక్కువైపోయాననుకుంటుంది.

ఈస్ట్‌బెంగాల్_ఇందిరానగర్

ఆ 9 అంకె సరిగ్గా పట్టుకున్నారు. 2024-25లో సౌమ్య గుగులోత్ మా ఈస్ట్ బెంగాల్‌కు కొట్టినవి 9. భారతీయుల్లో అదే ఎక్కువ, సీజన్ ఉత్తమ క్రీడాకారిణి కూడా ఆమే. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన అమ్మాయి. అంతకు ముందు క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్‌కు ఆడి వచ్చింది. 2025 ఏప్రిల్‌లో కల్యాణి స్టేడియంలో ఒడిశా మీద 1-0తో గెలిచి టైటిల్ ఖాయం చేసుకున్నాం. ఆ ఒక్క గోల్ సౌమ్యదే. 29 గోల్స్‌లో ఏ ఒక్కటైనా అంత బరువు మోసిందా చెప్పండి.

మనవాళ్ల పిల్లలు చూసే ఫ్లెక్సీలో సౌమ్య లేకపోతే ఎలా? టాప్ స్కోరర్ పట్టిక మాత్రమే వేస్తే ఆమె పేరు ఎక్కడా రాదు. 2019-20 నుంచి ప్రతి సీజన్ టాప్ స్కోరర్ విదేశీ అమ్మాయే. నేపాల్, ఘనా, మళ్లీ నేపాల్, ఉగాండా, మళ్లీ ఉగాండా. వాళ్ల ఘనత వాళ్లదే, దాన్ని నేను కాదనను. కానీ భారతీయుల కోసం ఇంకో వరుస ఉండి తీరాలి.

పద్ధతి గురించి కూడా ఒక మాట. గోకులానికి 2022, 2023 టైటిళ్లు తెచ్చిన కోచ్ ఆంథోనీ ఆండ్రూస్. మాకు 2025 టైటిల్ తెచ్చిన కోచ్ కూడా ఆయనే. ఒకటి ఒకే చోట జరిగిన లీగ్, ఒకటి నాకౌట్, ఒకటి హోమ్-అవే, మూడింట్లోనూ ఒకే మనిషి గెలిచాడు. కాబట్టి పాతది ఆటే కాదన్నట్టు మాట్లాడటం నాకూ నచ్చదు.

లెఫ్ట్‌బ్యాక్_అనంతపురం

ఇప్పటిదాకా చదువుతూ ఉన్నాను. గోల్స్ కొట్టినవాళ్ల గురించే మాట్లాడుతున్నారు కాబట్టి గోల్స్ తిన్నవాళ్ల తరఫున రాస్తాను.

నేను ఐడబ్ల్యూఎల్ ఫైనల్ రౌండ్ ఆడలేదు. దానికి కింద క్వాలిఫయింగ్‌కు వచ్చిన ఒక క్లబ్‌లో ఆడాను. ఊరూ పేరూ వద్దు. టోర్నీకి కొద్ది వారాల ముందు జట్టు కట్టారు. సగం మంది ఒకరికొకరు కొత్త. సెంటర్ బ్యాక్ ఆడినమ్మాయి తన జిల్లాలో మిడ్‌ఫీల్డర్, వేరే మనిషి లేక వెనక్కి తెచ్చారు. స్లీపర్ క్లాసులో ప్రయాణం, దిగిన మర్నాడే మ్యాచ్. బెంచీ మీద కూర్చున్నవాళ్లలో ఒకరు రెండో గోల్‌కీపర్, ఇంకొకరికి మడమ వాపు. అవతల జట్టుకు ఫిజియో ఉన్నాడు. మాకు ఐస్ తేవాలంటే ఎదురుగా ఉన్న సోడా కొట్టుకు పరుగెత్తాలి.

మొదటి అరగంట బాగానే ఆపుతాం. మీకు స్కోరు చూస్తే అది కనబడదు. హాఫ్‌టైమ్‌కు 2-0, 3-0 ఉంటుంది. అరవై నిమిషాలు దాటాక కాళ్లు మాట వినవు. వింగర్ నా పక్క నుంచి వెళ్తుందని తెలుసు, ఏ కాలితో కొడుతుందో తెలుసు, తిరగడానికి ఒంట్లో శక్తి ఉండదు. ఆ చివరి అరగంటలోనే గోల్స్ వరదలా పడతాయి. అవతలి కోచ్ తాజా మనుషుల్ని దించుతాడు. మరునాడో ఆ మరునాడో మళ్లీ మ్యాచ్, మళ్లీ అదే పదకొండు మంది. ఒకే చోట రోజు విడిచి రోజు జరిగే టోర్నమెంట్‌లో పెద్ద స్క్వాడ్ ఉన్న క్లబ్‌కూ లేని క్లబ్‌కూ ఉన్న తేడా మ్యాచ్ మ్యాచ్‌కూ పెరుగుతుంది. హోమ్-అవేలో కనీసం వారం దొరుకుతుంది. గాయం మానుతుంది, కోచ్ వీడియో చూపిస్తాడు, తప్పు సరిదిద్దుకుంటాం. గోల్స్ తగ్గడానికి అసలు కారణం అది. అంతే కాక 2023లో భారత ఫుట్‌బాల్ ఫెడరేషన్ ఐడబ్ల్యూఎల్ క్లబ్బులు కనీసం పదిమంది భారత క్రీడాకారిణులకు ఏడాదికి కనీసం 3.2 లక్షల కాంట్రాక్టు ఇవ్వాలని ప్రకటించింది. జీతం ఉంటే ఏడాదంతా ప్రాక్టీస్ ఉంటుంది. ఏడాదంతా ప్రాక్టీస్ చేసిన డిఫెండర్‌ను దాటడం వేరు.

ఇంత రాశాక నేను వేరే పట్టికలు కావాలంటాననుకుంటారు. వద్దంటాను. గట్టిగా వద్దంటాను.

ఎందుకంటే మీరు రెండో పట్టికకు "టోర్నమెంట్ కాలం" అని పేరు పెట్టిన రోజు, దాంట్లో ఆడిన అమ్మాయిలందరూ లీగ్ ఆడనివాళ్లయిపోతారు. ఆ కొద్ది వారాల కోసం ఉద్యోగం సెలవులు వదులుకున్నవాళ్లు, పెళ్లి సంబంధం వాయిదా వేయించుకున్నవాళ్లు, పరీక్ష వదిలేసినవాళ్లు నాకు తెలుసు. అప్పుడు దేశం మొత్తానికి ఉన్న ఆడవాళ్ల లీగ్ అదొక్కటే. ఇంకో మంచి లీగ్ ఉండి వాళ్లు ఇందులోకి రాలేదు. బాలాదేవి ఆ లీగ్‌లో కొట్టిన గోల్స్ తర్వాతే 2020 జనవరిలో స్కాట్లాండ్ రేంజర్స్ క్లబ్ ఆమెను తీసుకుంది. అదే ఏడాది డిసెంబర్‌లో అక్కడ గోల్ కూడా కొట్టింది. మనీషా కల్యాణ్ గోకులం నుంచే సైప్రస్ వెళ్లి 2022లో యూరప్ మహిళల చాంపియన్స్ లీగ్ ఆడింది, మన దేశం నుంచి ఆ లీగ్ ఆడిన మొదటి మనిషి. ఆ లీగ్ చిన్నదైతే వీళ్లెలా వెళ్లారు?

మ్యాచ్‌ల సంఖ్య పక్కన రాయండి. ఎన్ని జట్లో రాయండి. ఏ ఊళ్లో జరిగిందో రాయండి. చూసేవాళ్లకు అర్థమవుతుంది. గీత మాత్రం గీయొద్దు.

పట్టికల_మనిషి

అక్కా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. వేరే పట్టిక అంటే అగౌరవం అనే కోణం నా మనసులో లేదు, పోలిక సరిగా ఉండాలన్నదే నా తాపత్రయం. అది ఇంకా ఉంది. మ్యాచ్‌ల సంఖ్య పక్కన రాసినా, పై నుంచి కిందికి ఒక వరుస పెడతారు కదా. ఆ వరుసలో మొదట ఎవరు? 29 అంటే 29 పైనే ఉంటుంది. సగటు ప్రకారం పెడితే బాలాదేవి పైకి వస్తుంది, 7 మ్యాచ్‌ల్లో 26. అది ఇంకా తక్కువ మ్యాచ్‌ల లెక్క. మీరు చెప్పిన అలసట ఆ 7 మ్యాచ్‌ల్లో ఇంకా ఎక్కువ. ఏ వరుస పెట్టినా కష్టమైన లీగ్‌లో కొట్టినవాళ్లు కిందికే పోతున్నారు.

లెఫ్ట్‌బ్యాక్_అనంతపురం

వరుస ఎందుకు తమ్ముడూ? సీజన్ ప్రకారం రాయండి. 2016-17 నుంచి మొదలుపెట్టి ఈ ఏడాది దాకా. పైన ఉన్నది మొదట జరిగింది, అంతే.

కేఆర్‌పురం_నాన్న

మా పాప మీ ఆదివారం గ్రౌండ్‌కే వస్తుంది, కాబట్టి ఈ ఫ్లెక్సీ చూసేవాళ్లలో మేమూ ఉన్నాం. ఒక తండ్రిగా నాకు కావలసింది చెబుతాను.

గోల్స్ ఎన్ని అని మా పాప అడగదు. "నాన్నా, వాళ్లు ఏడాదికి ఎన్ని మ్యాచ్‌లు ఆడతారు" అని అడుగుతుంది. ఎందుకంటే తనకు స్కూలు తరఫున ఏడాదికి దొరికేవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇంటర్ స్కూల్ టోర్నీలో మొదటి రౌండ్ ఓడితే ఆ ఏడాదికి ఆట అయిపోయినట్టే. నాకౌట్ పద్ధతితో వచ్చిన చిక్కే అది. ఓడిపోయే జట్టు, అంటే ఇంకా నేర్చుకోవాల్సిన జట్టు, అందరికంటే తక్కువ మ్యాచ్‌లు ఆడి ఇంటికి వెళ్తుంది.

పై పోస్టుల్లో నన్ను ఆకట్టుకున్న అంకెలు గోల్స్ కాదు. 2019లో ఫైనల్ ఆడిన జట్టుకు 7 మ్యాచ్‌లు. 2022లో 11. 2024లో 12. 2025లో 14, అదీ అడుగున నిలిచిన జట్టుకు కూడా 14. అమెరికాలో 26 అన్నారు. మనం ఇంకా సగం దారిలోనే ఉన్నాం. అయినా ఓడిన జట్టుకూ గెలిచిన జట్టుకూ సమానంగా మ్యాచ్‌లు దక్కడం నా దృష్టిలో ఈ లీగ్ సాధించిన పెద్ద రికార్డు. అది ఏ ఒక్కరి పేరు మీదా ఉండదు కాబట్టి ఎవరూ ఫ్లెక్సీ వేయరు. మీరు వేయండి.

కానీ ఒక భయం. జట్లు 16 నుంచి 7కు తగ్గాయి, తర్వాత 8 అయ్యాయి. మ్యాచ్‌లు పెరిగాయి, ఆడే అమ్మాయిల సంఖ్య తగ్గింది. 16 జట్లున్నప్పుడు లీగ్ ఆడానని చెప్పుకోగలిగిన అమ్మాయిలు ఇప్పటికి రెట్టింపు. లెఫ్ట్‌బ్యాక్ గారు చెప్పిన అలాంటి క్లబ్బులు ఇప్పుడు ఎక్కడున్నాయి? పాత పద్ధతి చెడ్డది, కొత్తది మంచిది అని తేల్చేముందు ఇదీ చూడాలి.

గోకులం_మడివాళ

కేఆర్‌పురం అన్న చివర చెప్పింది నిజం. వాళ్ల కోసం ఐడబ్ల్యూఎల్ 2 అని రెండో డివిజన్ పెట్టారు, అందులో గెలిచి పైకి రావాలి. అది కూడా ఏడాదంతా నడిస్తేనే ఉపయోగం.

గోకులం గురించి ఇంకొకటి రాయాలి, ఇది ఏ రికార్డు పట్టికలోనూ కనబడదు. 2021లో జోర్డాన్‌లో జరిగిన ఆసియా క్లబ్ పోటీల్లో గోకులం ఉజ్బెకిస్తాన్ జట్టు బున్యోద్కర్‌ను 3-1తో ఓడించింది. ఆ పోటీల్లో మన దేశపు క్లబ్‌కు అదే మొదటి గెలుపు. మరుసటి ఏడాది మళ్లీ అర్హత సాధించి ఆగస్టులో తాష్కెంట్ చేరుకున్నారు. సరిగ్గా అప్పుడే ఫిఫా మన ఫెడరేషన్‌ను సస్పెండ్ చేసింది. అమ్మాయిలు హోటల్లోనే ఉండిపోయారు, ఒక్క మ్యాచ్ కూడా ఆడనివ్వలేదు. పది రోజుల తర్వాత నిషేధం ఎత్తేశారు, కానీ అప్పటికి టోర్నీ చేజారిపోయింది. ఆ ఏడాది వాళ్లు ఎంత దూరం వెళ్లేవాళ్లో ఎవరికీ తెలియదు. రికార్డు అంటే ఆడనిచ్చినప్పుడు కదా వచ్చేది.

ఈస్ట్‌బెంగాల్_ఇందిరానగర్

దీని మీద మాత్రం నేనూ గోకులం ఒకటే మాట. ఆ వార్త చదివిన రోజు ఎంత కోపం వచ్చిందో ఇప్పటికీ గుర్తుంది. ఆఫీసుల్లో పెద్దవాళ్లు చేసిన పనికి ప్రయాణం చేసి వెళ్లిన అమ్మాయిలు శిక్ష అనుభవించారు.

హోసూరు_తెలుగోడు

2025 జూలైలో చియాంగ్‌మాయిలో థాయ్‌లాండ్ మీద 2-1తో గెలిచి మన జట్టు ఆసియా కప్‌కు అర్హత సాధించింది కదా. సంగీతా బాస్‌ఫోర్ రెండు గోల్స్. అర్హత పోటీలు గెలిచి ఆసియా కప్‌కు వెళ్లడం మనకు అదే మొదటిసారి. అదే క్వాలిఫయర్స్‌లో మంగోలియాను 13-0తో ఓడించాం. ఇప్పుడు నేను పట్టికల అన్నను అడుగుతున్నాను: ఆ 13 గోల్స్‌ను వేరే పట్టికలో రాస్తావా? మంగోలియా కూడా నేర్చుకుంటున్న జట్టే. మన దేశం కొట్టినప్పుడు ఒక లెక్క, మన లీగ్‌లో కొట్టినప్పుడు ఒక లెక్కా?

పట్టికల_మనిషి

మంగోలియా మీద 13 కొట్టడం ఘనతే, కానీ నాకు గుర్తుండేది థాయ్‌లాండ్ మీద కొట్టిన రెండు. అందరికీ అంతే అనుకుంటాను. గోల్ బరువు ఎదుటివాళ్లను బట్టి ఉంటుందన్నదే మొదటి నుంచీ నేను చెబుతున్నది.

సరే, అక్క చెప్పినట్టు సీజన్ వరుసకు ఒప్పుకుంటాను. పైన కింద అనే గొడవ పోతుంది. కానీ నాదొక షరతు. ప్రతి పేరు పక్కన గోల్స్ ఎంత పెద్ద అక్షరాల్లో ఉంటాయో జట్టు ఆడిన మ్యాచ్‌లు కూడా అంతే పెద్ద అక్షరాల్లో ఉండాలి. కింద చిన్న అక్షరాల్లో పెట్టి చేతులు దులుపుకోవద్దు.

క్రికెట్_నుంచి_వచ్చినవాడిని

"ఆల్‌టైమ్ రికార్డు" అనే మాట మాత్రం తీసేస్తారా? సీజన్ వరుస పెట్టినా 29 పక్కన ఒక చుక్క గుర్తు పెట్టడానికి అభ్యంతరమేంటి? రికార్డు అనేది లేకపోతే పిల్లలు దేన్ని బద్దలు కొట్టాలనుకుంటారు? చిన్నప్పుడు నాకు అంకెలే ఆటలోకి దారి చూపించాయి. ఏ పరిస్థితుల్లో వచ్చాయన్నది తర్వాత పెద్దయ్యాక తెలుసుకున్నాను.

లెఫ్ట్‌బ్యాక్_అనంతపురం

చుక్క పెట్టండి, నాకేమీ అభ్యంతరం లేదు. సబిత్రా కొట్టింది, ఆమె పేరు పక్కన ఉండాల్సిందే. నా పట్టుదల ఒకటే, ఏ సీజన్‌నూ విడిగా తీసి పక్కన పెట్టకూడదు.

ఆదివారం_గ్రౌండ్

చాలా సంతోషమండీ, ఇంత చర్చ వస్తుందనుకోలేదు. ఇప్పటికి తేలింది రాస్తాను. సీజన్ల వరుసలో చాంపియన్, టాప్ స్కోరర్, గోల్స్, జట్టు మ్యాచ్‌లు, జరిగిన ఊరు. 29కి చుక్క గుర్తు. హోమ్-అవే సీజన్లకు ఊరి పేరు బదులు "దేశమంతా" అని రాస్తాం. కింద భారతీయుల వరుసలో సౌమ్య, బాలాదేవి, కమలాదేవి. కేఆర్‌పురం సార్ చెప్పినట్టు 7, 11, 10, 12, 14 అని మ్యాచ్‌ల వరుస ఒక పక్కన పెద్దగా.

డిఫెండర్ల కోసం ఏం పెట్టాలో ఇంకా తోచలేదు. గోల్స్ తక్కువ తిన్న జట్టు అని పెడదామా, ఫైనల్స్ స్కోర్లు పెడదామా?

హోసూరు_తెలుగోడు

2019 ఫైనల్ స్కోరు పెట్టి, పక్కన "26 గోల్స్ స్ట్రైకర్ ఉన్న జట్టుకు ఒక్క గోలే ఇచ్చారు" అని రాయండి. మీ డిఫెండర్ పిల్లలకు అది చాలు.

లెఫ్ట్‌బ్యాక్_అనంతపురం

అది బాగుంది. దాంతోపాటు ఆ కల్యాణి మ్యాచ్ 1-0 కూడా పెట్టండి. సౌమ్య గోల్ కొట్టింది సరే, మిగతా సమయమంతా వెనక ఉన్నవాళ్లు ఒక్కటీ ఇవ్వకుండా నిలబెడితేనే అది టైటిల్ అయింది.

పట్టికల_మనిషి

ప్రింట్‌కు ఇచ్చేముందు ఫైలు నాకు పంపండి, అంకెలు మరోసారి సరిచూస్తాను. మూడు పట్టికలు నా దగ్గర విడిగా తయారు చేసుకుంటాను, అది ఫ్లెక్సీ కోసం కాదు. నా అభిప్రాయం మారలేదు.

కేఆర్‌పురం_నాన్న

కింద కొంచెం ఖాళీ స్థలం వదలండి సార్. వచ్చే సీజన్ వరుస రాయాలి కదా.